ముందుకు: ఐదు

కాస్త్రో ఆఫీసు నుంచి ఉత్తరం, మూడే మాటలు:
బడి పిల్లల సంఖ్యకు గ్రాఫు గీయండి,
ట్రెండ్‌లైన్‌ను ఐదేళ్లు ముందుకు పొడిగించండి,
శుక్రవారం లోపు పంపండి.

చిలోయే పక్కన, పటంలో ఈగ రెట్టంత మా దీవి.
ముప్ఫై ఏళ్లుగా ఈ బడికి గుమాస్తాని.
గంట కొట్టాను, పాలు కాచాను, పేలు కూడా చూశాను.
గీతను పొడిగించడం ఇదే మొదలు.

బయట వాన. పొయ్యిలో తడికట్టె చిటపట.
ఇరవై మూడు హాజరు పట్టీలు ముందేసుకుని
ఒక్కో ఏడాదినీ ఒక్కో గడిలో కూర్చోబెట్టాను.
ముప్ఫై నాలుగు. ముప్ఫై ఆరు. ముప్ఫై ఒకటి...
చివరి గడిలో తొమ్మిది.

చుక్కలు పడ్డాయి.
ఆ పల్లంలోది, సాల్మన్ చేపలకు జబ్బు చేసిన ఏడాది.
ఫ్యాక్టరీకి తాళం పడితే
ఏడు కుటుంబాలు ఒకే పడవలో
కుట్టుమిషన్లతో, కోళ్లతో వెళ్లిపోయాయి.
ఈ మిట్ట మీదిది, వైకిన్ వాళ్ల కవలలూ
కొత్త టీచరమ్మ ముగ్గురూ
ఒకే మార్చిలో చేరిన ఏడాది.
కుర్చీలు చాలక చేపల పెట్టెలు బోర్లించాం.

మౌస్ నొక్కాను. గీత వచ్చింది.
నున్నగా, ఏటవాలుగా,
ఒక్క చుక్కనైనా తాకకుండా పోయింది,
అందరి మధ్య నుంచీ నడిచి
ఎవరినీ పలకరించని తనిఖీ అధికారిలా.

'ముందుకు' అన్నచోట ఐదు కొట్టాను.
తెల్లటి ఖాళీలోకి తడబడుతూ సాగి
మూడున్నర పిల్లల దగ్గర ఆగింది.
ఆ అర ఎవరో!
జలుబుతో సగం రోజులు ఎగ్గొట్టే యెర్కో కాబోలు.

వేలు ఊరుకోదు కదా.
ఐదు చెరిపి పది కొట్టాను.
సున్నా దాటి, గీత నేల కిందికి దిగింది.
మైనస్ ఇద్దరు.
మైనస్ ఇద్దరికి పాలపొడి ఇండెంటు ఎలా రాయడం?
వాళ్ల తడి మేజోళ్లు ఎవరు ఆరేస్తారు?
వాళ్లకు గైర్హాజరు వేస్తే
వచ్చినట్టా?

వంకర గీత కూడా ఒకటుంది, దాన్నీ వదల్లేదు.
ఆరు మలుపులు తిప్పితే
తోకెత్తిన లేగలా ఆకాశంలోకి దూకింది.
తొమ్మిదొందల మంది! తొంభై గడపల దీవిలో!
ఒక్కదాన్నే పగలబడి నవ్వాను.

అప్పుడు కంటబడింది, కింద ఇంకో గడి:
వెనక్కి.
ముప్ఫై ఒకటి కొట్టాను.
నేను ఒకటో తరగతిలో చేరిన ఏడు.
గీత ఎక్కీ ఎక్కీ
అరవై ఎనిమిది అంది.

అబద్ధం.
మేం పంతొమ్మిది మందిమి, పేర్లు ఇప్పటికీ చెప్పగలను.
ఒదూల్యా, సెనోవియా, ముక్కు చీదని అర్తేమియో...
పంతొమ్మిదోదాన్ని నేను, ఎదువీనాని, అక్క బూట్లలో.
అసలు ఆ ఏడు బడి ఇక్కడ లేనే లేదు,
అవతలి ఒడ్డున ఉండేది.
ఆ మరుసటేడు ఎడ్లను కట్టి, తాళ్లు వేసి,
చెక్కగోడలతో, గంటతో, ఉన్నదున్నట్టు
ఊరంతా కలిసి నీళ్లలోకి లాగారు.
తేల్చుకుంటూ తెచ్చి ఈ గట్టెక్కించారు.
మా నాన్న అరచేతిలో ఆ తాడు ఒరుపు
చచ్చేదాకా పోలేదు.

తాడంటే అది.
ఒక కొసన బడి, ఒక కొసన మనుషులు.
మరి ఈ చుక్కల గీతకు
అవతలి కొస ఎవరి చేతిలోనూ లేదు.

శుక్రవారం, అడిగినట్టే పంపాను. ఐదు.
మూడున్నరను మూడు చేయలేదు, నాలుగూ చేయలేదు.
అడిగితే అడగనీ.

ఆ తర్వాత తొమ్మిది కప్పులు కడిగి బోర్లించాను.
పదో కప్పుకి అంచు విరిగింది.
పారేయలేదు.